పస్తున్న స్తంభం

ఇటు దగ్గరికి జరుగు నజ్మీన్. ఆ చేట కూడా ఇటు లాక్కో. మిరపకాయల తొడిమలు తీసేది చేతులే కదా, చెవులు ఖాళీగానే ఉంటాయి. కళ్లు మండితే చున్నీతో ఒత్తుకో, వేళ్లతో మాత్రం ముట్టుకోకు. రేపు పొద్దున్నే గుంటూరు బస్సెక్కి హాస్టలుకి వెళ్లిపోతావు. బస్సు మన ఊరి కోర్టు ముందు నుంచే పోతుంది. కిటికీ పక్క సీటు దొరికితే ఎడం చేతి వైపు చూడు, వరసగా ఎనిమిది స్తంభాలు కనిపిస్తాయి. ఎడమ నుంచి ఐదో స్తంభం సంగతి నీకు చెప్పాలి. మీ తాత మాబు సాహెబ్‌ని ఊళ్లో అందరూ కోర్టు మేస్త్రీ అనేవాళ్లని నీకు తెలుసు. ఆ పేరు ఎలా వచ్చిందో, దాన్ని ఆయన నలభై ఏళ్లు ఎంత బరువుగా మోశాడో తెలియదు. మీ నాన్న యూసుఫ్ చెప్పడు, మొదలుపెట్టి మధ్యలోనే లేచి వెళ్లిపోతాడు. నేనే చెప్పాలి.

ముందు ఆ కోర్టు ఎలా ఉంటుందో విను. ఎన్నిసార్లు దాని ముందు నుంచి వెళ్లి ఉంటావో గానీ, మెట్లెన్నో అడిగితే చెప్పలేవు. పదకొండు, నల్లరాయివి. మెట్లెక్కగానే వరండా. వరండా ముందు ఆ ఎనిమిది స్తంభాలు, ఒక్కోటి రెండు నిలువుల పైనే. వాటి తలల దగ్గర రెండు వైపులా పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు తిరిగి ఉంటాయి. ఆ తలల మీద పొడుగాటి దూలం, దూలం మీద ముక్కోణంలో పెద్ద నుదురు, నుదుటి మధ్యలో బొట్టులాగా గుండ్రటి కిటికీ. అందులో పావురాల కాపురం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ వరండా చల్లగానే ఉంటుంది. ఏ దావా లేని రైతులు కూడా మిరప బస్తాలు యార్డులో దింపేసి, తలపాగా విప్పి తల కింద పెట్టుకుని అక్కడ ఒక కునుకు తీసి వెళ్లేవాళ్లు.

లోపల కోర్టు హాలు మరీ ఎత్తు. వకీళ్ల అరుపు పైకప్పు దాకా వెళ్లి చల్లబడి గానీ కిందికి రాదని అంకమ్మరావు అనేవాడు. అంకమ్మరావంటే ఆ కోర్టులో బంట్రోతు. మీ తాత ఈడువాడే. కొలువు దిగిపోయాక కూడా రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి వరండాలో కూర్చునేవాడు. ఆయన రాకపోతే కోర్టు తెరవరనుకునేవాడు పాపం.

అది దొరల రాజ్యంలో కట్టిన కట్టడం. మా మామ బుడాన్ సాహెబ్‌గారి తాత అక్కడ సున్నం పని చేశాడట. దూరం నుంచి చూస్తే పాలరాయనుకుంటారు. రాయీ కాదు, ఏమీ కాదు. లోపల ఇటుక, పైన సముద్రపు గవ్వలు కాల్చి తీసిన గుల్ల సున్నం. చీరాల వైపు నుంచి బండ్ల మీద వచ్చేది. దాన్ని నెలల తరబడి నీళ్లలో నానేసి, గానుగలో ఆడించి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి కలిపేవాళ్లు. ఆఖరి పూత కోసం ఆడవాళ్లం సన్నికల్లు మీద పచ్చడి కన్నా మెత్తగా రుబ్బి ఇచ్చేవాళ్లం, కోడిగుడ్ల తెల్లసొన పోసి. మగవాళ్లు ఆ పూత పూసి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దితే ముఖం కనబడేంత మెరుపు వచ్చేది. ఇదిగో నా వేళ్లు చూడు. గీతలు కనిపిస్తున్నాయా? సున్నం తినేసింది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి చూరు కింద ఒక టేకు బద్ద కట్టి ఉండేది. స్తంభమంత పొడుగు. గుడ్డలు ఆరేసుకుందామని ఒకసారి చెయ్యి వేశాను. మా అత్త నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. "అది నీ మామ ప్రాణం పిల్లా, తడి గుడ్డ తగలనియ్యకు" అంది. సంగతేమిటో ఆవిడకీ తెలియదు. తాతల నాటిది, స్తంభాల పనికి వాడేది, అంతవరకే.

తర్వాతి ఏడు గాలివాన వచ్చింది. అప్పుడు మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. కోర్టు ముందున్న వేపచెట్టు కొమ్మ విరిగి ఐదో స్తంభం మీద పడింది. ఇటుక చెక్కుచెదరలేదు గానీ, పైనున్న సున్నమంతా పెచ్చులు పెచ్చులుగా ఊడి, ఆ తర్వాత వానకి నాని కిందికి జారిపోయింది. తెల్లటి స్తంభాల మధ్య అదొక్కటీ చర్మం వొలిచినట్టు ఎర్రగా నిలబడింది. మున్సిఫ్ గారు మా మామకి కబురు పెట్టారు. మా మామేమో జ్వరంతో గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. మీ తాతకి ఇరవై నాలుగేళ్లు. మీసం వచ్చిందన్న ధైర్యం, తండ్రి పేరు నిలబెట్టాలన్న తొందర. "నేను చేస్తానండీ" అని ఒప్పుకుని వచ్చాడు.

ఇంటికొచ్చి చూరు కింద నుంచి బద్ద దింపాడు. స్తంభానికి సున్నం మెత్తాక, ఆ బద్దని నిలబెట్టి చుట్టూ తిప్పుతూ సమం చేస్తారు. బద్ద అంచు ఎలా ఉంటే స్తంభం అలా వస్తుంది. మీ తాత ఒక కన్ను మూసి ఆ అంచు వెంట చూశాడు. నడుమ దగ్గర అంచు కొద్దిగా లోపలికి పోయి ఉంది.

"చూశావా సైదా, వానకి బద్ద వంగిపోయింది" అన్నాడు.

"మామ వచ్చాక అడగొచ్చు కదయ్యా" అన్నాను.

"వంకర బద్దతో పని చేస్తే నాన్న ఊరుకుంటాడా? నేను సరిచేస్తాలే."

వాకిట్లో కూర్చుని చిత్రిక పట్టాడు. నాకు బాగా గుర్తు. ఎంత తోసినా నడుమ దగ్గర ఒక్క పొర కూడా లేవలేదు. లేచిన పొరలన్నీ ఆ చివరా ఈ చివరా ఉన్న కర్రవే. అంచు దారంలా నిటారుగా వచ్చేదాకా తోశాడు. కింద పడిన పొరలు టేకువి, సన్నగా, ఉంగరాల్లా చుట్టుకుని ఎంత బాగున్నాయో. నేను వాటిని చేటలోకి ఎత్తి ఆ పూట పొయ్యి రాజేశాను. గబుక్కున అంటుకున్నాయి. అన్నం కూడా తొందరగా ఉడికిందని సంతోషించాను చూడు.

నెల రోజులు పని చేశాడు. నేను రుబ్బి ఇచ్చిన సున్నమే. తూకం గుండు వేలాడదీసి నాలుగు వైపులా చూసుకున్నాడు, వెంట్రుకవాసి తేడా లేదు. మెరుగు పెట్టాక మున్సిఫ్ గారు వచ్చి అందులో తన ముఖం చూసుకుని మీసం సర్దుకున్నారు. "మిగతా ఏడూ ఒక ఎత్తు, నీది ఒక ఎత్తోయ్" అన్నారు. ఆ రోజు నుంచే కోర్టు మేస్త్రీ అనే పేరు. అంకమ్మరావు బజారంతా తిరిగి చెప్పాడు.

సాయంత్రం నన్ను తీసుకెళ్లి గేటు దగ్గర నిలబెట్టాడు. "చెప్పు, ఎలా ఉంది?"

నేను చూశాను. ఏడు స్తంభాలూ ఒకలా ఉన్నాయి, ఐదోది మరోలా ఉంది. ఎందుకో తెలియలేదు. నాకు చదువా సంధ్యా, మనసుకి తోచింది అనేశాను. "మిగతావన్నీ అన్నం తిన్నట్టున్నాయి. నీది పస్తున్నట్టుందయ్యా."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజున మా మామ ఆస్పత్రి నుంచి వచ్చాడు. రిక్షా నేరుగా కోర్టు దగ్గర ఆపించాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. చాలాసేపు చూసి, వెంట ఉన్న మీ తాతని "బద్ద ఏదిరా?" అని అడిగాడు, అంతే. ఇంటికొచ్చాక బద్ద తెచ్చి ముందు పెట్టారు. కొత్తగా చిత్రిక పట్టిన అంచు మీద పై నుంచి కింది దాకా వేలు రాశాడు. మీ తాత ముఖం చూడాలి అప్పుడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాడు.

"నేను చెప్పలేదు కదరా నీకు" అన్నాడు మా మామ. "చెప్పనిది నాది తప్పు."

అప్పుడు చెప్పాడు. కోర్టు కట్టించిన దొర నేల మీద సున్నంతో రెండు గీతలు గీసి చూపించాడట. ఒకటి నిటారు గీత. రెండోది నడుమ దగ్గర కొద్దిగా బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోయే గీత. స్తంభాన్ని నిటారుగా కడితే దూరం నుంచి చూసేవాళ్లకి నడుం నొక్కుకుపోయినట్టు కనిపిస్తుందట. చూసే కన్ను అలా మోసం చేస్తుందట. అందుకని నడుమ కొంచెం కడుపు పెట్టాలి. కడుపున్నట్టు కనిపించకూడదు, నిండుగా నిలబడ్డట్టు కనిపించాలి. ఆ గీత ప్రకారమే టేకు బద్ద కోయించి మా వాళ్ల చేతిలో పెట్టాడు. స్తంభం కొలతంతా ఆ వంపులోనే ఉంది. దాన్నే మీ తాత చిత్రిక పట్టేశాడు, నేను పొయ్యిలో పెట్టేశాను.

"కడుపంటే ఎంత మామా?" అని అడిగాను, తలుపు చాటు నుంచి.

మా మామ నా వైపు చూసి, మొదటిసారి నవ్వాడు. "నీకిప్పుడెంత ఉందో అంత." నాకప్పుడు మూడో నెల. తెలిసినవాళ్లకి తప్ప ఎవరికీ తెలియని కడుపు.

మళ్లీ చేద్దామనుకున్నాడు మా మామ. కొత్త బద్ద కోయించాలి అన్నాడు. ఆ జ్వరం తిరగబెట్టింది. మీ నాన్న పుట్టకముందే పోయాడు. ఆ తర్వాత మీ తాతకి ఆ పని ఎత్తుకునే ధైర్యం లేదు. ఊరంతా మెచ్చుకున్నదాన్ని తప్పని ఎలా చెప్పడం? సంగతి తెలిసింది మా ఇద్దరికే. అప్పట్నుంచి ఆయన కోర్టు ముందు నుంచి నడవడం మానేశాడు. మసీదుకి వెళ్లాలన్నా, యార్డుకి వెళ్లాలన్నా వెనక సందులో నుంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. మేస్త్రీకి కోర్టంటే భయమని జనం నవ్వుకునేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

అలా నలభై ఏళ్లు గడిచాయి. రెండు వేల ఒకటిలో, నువ్వు చిన్నదానివి, ఒంగోలులో మీ అమ్మమ్మగారింట్లో ఉండి బడికి వెళ్తున్నావు. వానలకి కోర్టు నుదుటి మీద నుంచి ఒక పెచ్చు ఊడి మెట్ల మీద పడింది. ఎవరికీ తగల్లేదు గానీ, కట్టడం ఎంత గట్టిదో చూడాలని పై ఊరి నుంచి ఎవరినో పంపారు. వాళ్లు టేపులు పట్టుకుని ఒక పూట కొలిచి వెళ్లిపోయారు. పది రోజుల తర్వాత అంకమ్మరావు మన ఇంటికి వచ్చాడు. వాకిట్లో ఉండగానే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, నోరు తీపి చెయ్యి ముందు. కాగితం వచ్చింది. కోర్టు కూల్చేస్తారంట."

మీ తాత నులకమంచం మీద నుంచి లేచాడు. "అందుకు నోరు తీపి చెయ్యాలా?"

"విను మరి. ఏడు స్తంభాలు పైన బరువు మొయ్యలేక నడుమ ఉబ్బిపోయినాయంట. ఎప్పుడు కూలతాయో తెలీదంట. ఒక్క ఐదో స్తంభమే నిటారుగా, దిట్టంగా ఉందని రాశారు. నీది. ఎనిమిది మంది పరీక్ష రాస్తే నువ్వొక్కడివే పాసయ్యావు మేస్త్రీ."

ఆయన సంతోషంగానే చెప్పాడు. మీ తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను టీ గ్లాసు ఇస్తే చేతిలో పట్టుకునే ఉన్నాడు, తాగలేదు. అంకమ్మరావు తన టీ తాగి, ఈయనది కూడా తాగి వెళ్లిపోయాడు.

ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. కంచం ముందు కూర్చుంటాడు, మెతుకులు కెలుకుతాడు, లేస్తాడు. మధ్యాహ్నం మీ నాన్న పని నుంచి వచ్చాక ముగ్గురం కూర్చున్నాం. అప్పుడే మీ నాన్నకి మొదటిసారి అంతా చెప్పాం. వాడు తలపట్టుకున్నాడు.

"ఇప్పుడు ఎవరడిగారు నాన్నా నిన్ను? పాత కొంప, పోతే పోనీ. కొత్తది కడతారు."

"అది కూలిపోయేది కాదురా. నా తప్పుని ఒప్పు అనుకుని, ఒప్పుని తప్పనుకున్నారు."

"కోర్టు మేస్త్రీ కొడుకు అనే కదా నన్ను ఇళ్లకి పిలుస్తున్నారు. ఆ స్తంభమే తప్పంట అని ఊళ్లో అనుకుంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? నలభై ఏళ్లు దాచినవాడివి ఇంకో నెల దాచలేవా?"

మీ తాత తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. సున్నం పాళ్లు కుదిరాయా లేదా అని అనుమానం వచ్చినప్పుడు అలాగే చూసేవాడు.

"మీ తాత చేతి పని, ఆయన తాత చేతి పని, ఏడు స్తంభాలు తప్పని కోర్టే కూలుస్తారంట, మన తప్పొక్కటే ఒప్పంట్రా యూసుఫ్" అన్నాను. "నువ్వు ముఖం ఎక్కడైనా పెట్టుకో. నేను ఆయన వెంట వెళ్తున్నా. ఆ పొరలతో పొయ్యి రాజేసిన దాన్ని నేను."

మీ నాన్న విసురుగా లేచి వెళ్లిపోయాడు. నాకూ ఏడుపొచ్చింది, కాదనను.

మర్నాడు పొద్దున్నే మీ తాత ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా వేసుకున్నాడు. సందు మొదటికి వచ్చాక అలవాటుగా కాళ్లు వెనక దారి పట్టాయి. నేను చొక్కా పట్టుకుని ఇటు తిప్పాను. నలభై ఏళ్ల తర్వాత ముందు గేటులో నుంచి వెళ్లాం. ఆయన తల ఎత్తలేదు. మెట్లు మాత్రం లెక్కపెడుతూ ఎక్కాడు, నాకు వినబడింది.

వరండాలో ఒక ఇంజినీరమ్మాయి ఉంది. సాయిలక్ష్మి అని, చీరాల పిల్ల. కూల్చే పని చూసుకోవడానికి కొత్తగా వేశారట. చుడీదారు, నెత్తిన ఎండకి కట్టుకున్న తువ్వాలు, చేతిలో పుస్తకం. అంకమ్మరావు పక్కనే కుర్చీ వేసుకుని ఆమెకి కోర్టు చరిత్రంతా తప్పులతో సహా చెబుతున్నాడు.

"ఇదిగోనండి, ఐదో స్తంభం చేసిన మేస్త్రీ గారు" అన్నాడు మమ్మల్ని చూసి.

ఆ పిల్ల లేచి నిలబడింది. "నమస్కారమండి తాతగారూ. ఎంత బాగా చేశారండి. ఇప్పటికీ దారం పట్టినట్టుంది."

"అదే తప్పమ్మా" అన్నాడు మీ తాత.

మొత్తం చెప్పాడు. నిలబడే చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. బద్ద, చిత్రిక, తండ్రి, దొర గీసిన గీతలు, అన్నీ. ఎక్కడైనా ఆగితే నేను అందించాను. అంకమ్మరావు నోరు తెరుచుకుని విన్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

సాయిలక్ష్మి పుస్తకం మూసింది. "తాతగారూ, మీ మాట నేను నమ్ముతాను. ఇలా నడుమ వంపు పెట్టి కట్టే పద్ధతి ఉందని మేమూ చదువుకున్నాం. కానీ ఇవి అలా కట్టినవా, నిజంగానే ఉబ్బినవా అంటే ఫైల్లో పెట్టడానికి ఒక రుజువు కావాలండి. ఆ బద్ద ఉందా?"

"చెదలు పట్టి పోయిందమ్మా, ఎప్పుడో."

నాకు ఉండబట్టలేదు. "అమ్మాయిగారూ, నాకు తెలియక అడుగుతా. బరువు మొయ్యలేక ఉబ్బితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉబ్బాలి కదా? ఏడుగురు ఆడవాళ్లని నిలబెడితే ఏడుగురికీ ఒకే నెల కడుపు ఉంటుందా? కొలిచి చూడండి."

ఆ పిల్ల నవ్వింది గానీ, వెంటనే దారం తెప్పించింది. ఒక్కో స్తంభానికి పై నుంచి కిందికి దారం బిగించి, నడుమ ఎంత ఉబ్బుందో రాసుకుంటూ వెళ్లింది. ఏడూ ఒకటే కొలత. ఏడూ ఒకే ఎత్తు దగ్గర. ఏడో దాని దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వడం మానేసింది.

"ఇది చాలా పెద్ద సంగతండి మామ్మగారూ" అంది. "అయినా లోపలి ఇటుక చూపించగలిగితే ఇంక ఎవరూ కాదనలేరు."

మీ తాత అప్పటిదాకా ఐదో స్తంభాన్ని ముట్టుకోలేదు. అప్పుడు వెళ్లి చెయ్యి ఆనించాడు. "నాదే పగలగొట్టి చూడండమ్మా. కింద ఇటుకకి కడుపుంటే, నేను నిటారు బద్దతో పూశాను కాబట్టి, నడుమ దగ్గర నా సున్నం పలచగా ఉండాలి. అడుగునా పైనా మందంగా ఉండాలి. అలా లేకపోతే నేను చెప్పిందంతా అబద్ధమని రాసుకోండి."

"మీరు మెరుగు పెట్టిందండి అది" అంది సాయిలక్ష్మి, మెల్లగా.

"అందుకే నేనే కొడతా. ఉలి ఇప్పించండి."

ఉలి తెచ్చి ఇచ్చారు. అరవై నాలుగేళ్ల చేతులు, రెండు రోజులుగా తిండి లేదు. ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తాడు. కొట్టకుండానే దించేశాడు. మళ్లీ ఎత్తాడు. నేను చూడలేక తల తిప్పుకున్నాను. అప్పుడు కనబడ్డాడు మీ నాన్న, మెట్ల మీద, భుజాన పనిముట్ల సంచితో. ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో.

వచ్చి తండ్రి చేతిలో నుంచి సుత్తి తీసుకున్నాడు. "పక్కకి జరుగు నాన్నా. ఎక్కడ కొట్టాలో చెప్పు."

"ఊళ్లో ఏమనుకుంటారో?" అన్నాడు మీ తాత. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"అనుకోనీ. నువ్వు తినకుండా కూర్చుంటే అమ్మ నన్ను తినేస్తోంది. చెప్పు, ఎక్కడ?"

అడుగున ఒక చోట, నడుమ ఒక చోట, నిచ్చెన వేసి పైన ఒక చోట, అరచెయ్యంత కంతలు తెరిచాడు. ఎంత నెమ్మదిగా కొట్టాడంటే, నిద్రపోతున్నవాళ్ల పక్కన కొట్టినట్టు. సాయిలక్ష్మి స్కేలు పెట్టి చూసింది. అడుగున సున్నం వేలి మందం. పైనా అంతే. నడుమ దగ్గర చిటికెన వేలి గోరంత. ఆ గోరంత సున్నం వెనక ఎర్రటి ఇటుక, నిండుగా, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు. ఉంది మరి. పస్తున్నట్టు కనిపించడమే గానీ, లోపల దాని కడుపు దానికి ఉంది.

మీ తాత ఆ కంతలో వేలు పెట్టి ఇటుకని ముట్టుకున్నాడు. "నాన్న వాళ్లది" అన్నాడు.

సాయిలక్ష్మి వాంగ్మూలం రాసింది. మీ తాత చెప్పిన మాటలు చెప్పినట్టే: నేను తెలియక బద్దని చిత్రిక పట్టాను, ఐదో స్తంభం తప్పు, మిగతా ఏడూ ఒప్పు. ఆయన సంతకం చేశాడు. సాక్షిగా నన్ను వేలిముద్ర వెయ్యమంది. వేశాను. కాగితం మీద నల్లటి మరక పడింది, ఒక్క గీత లేదు.

"ఇంకోసారి వేయండి మామ్మగారూ, గీతలు పడలేదు."

"ఎన్నిసార్లు వేసినా అంతేనమ్మా. ఆ గీతలు అదిగో, దాని మీద ఉన్నాయి" అని స్తంభం చూపించాను. ఆ పిల్ల నా బొటనవేలు పట్టుకుని అలాగే చూసింది. "మా అమ్మకీ ఇంతేనండి, నూలు వడికి వడికి" అంది. ఆ మరకనే ఉంచేసింది, కింద ఏదో ఇంగ్లీషులో రాసి.

అప్పటికి అంకమ్మరావుకి మాట వచ్చింది. "దావా లేదు, వాయిదా లేదు, నీ అంతట నువ్వే వచ్చి ఒప్పుకున్నావు. నలభై ఏళ్ల కొలువులో ఇలాంటి ముద్దాయిని చూళ్లేదు మేస్త్రీ" అన్నాడు.

ఆ పూట ఇంటికొచ్చి మీ తాత గోంగూర పచ్చడితో రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

కాగితాలు కదలడానికి చాలా నెలలు పట్టింది. సాయిలక్ష్మి ఎన్నిసార్లు తిరిగిందో, ఎవరితో ఎన్ని మాటలు పడిందో ఆమెకే తెలియాలి. ఆఖరికి కూల్చే మాట తీసేశారు. కొత్త భవనం వెనక ఖాళీ స్థలంలో కడతామన్నారు. ఊళ్లో కొన్నాళ్లు అన్నారు, అనకుండా ఎందుకుంటారు? టీ కొట్టు దగ్గర ఒకడు, "మేస్త్రీ గారూ, మా ఇంటి గోడ కూడా సరిగ్గా ఉంది, ఒకసారి వచ్చి తప్పు చేసి పెట్టండి" అన్నాడట. మీ తాత ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. మీ నాన్నకి పని తగ్గలేదు. అబద్ధం చెప్పని ఇంటి మేస్త్రీ అని పర్చూరు వాళ్లు కూడా పిలిచారు.

మరుసటి ఏడు ఐదో స్తంభం పని మనకే ఇచ్చారు. పక్క స్తంభం మీద నుంచి వంపు అచ్చు తీసి వడ్రంగితో కొత్త బద్ద కోయించాం. గుల్ల సున్నం దొరకడానికి సముద్రం ఒడ్డు ఊళ్లన్నీ గాలించాడు మీ నాన్న. పాత పూత మొత్తం ఊడదీసి వాడే మెత్తాడు. మీ తాత కుర్చీ వేసుకుని కూర్చుని అడుగడుక్కీ తిట్టాడు. ఆఖరి పూతకి నేనే రుబ్బాను, అరవై దాటిన దాన్ని, నడుం విరిగిపోయింది. మెరుగు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు ఆయన. మోచేతుల్లో బలం లేకపోయినా, రోజుకి ఒక మూర చొప్పున, తన పాత రాయితోనే రుద్దాడు.

అయిపోయిన రోజు సాయంత్రం నన్ను మళ్లీ గేటు దగ్గరికి పంపాడు. తను స్తంభం పక్కనే నిలబడ్డాడు, చొక్కా నిండా సున్నంతో.

"చూడు సైదా. ఎలా ఉంది?"

చూశాను. ఎనిమిదీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఏది ఆయనదో చెప్పలేకపోయాను.

"మూడో నెల" అన్నాను.

ఆయన తల వంచుకుని, కండువాతో ముఖం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కోర్టు ముందు దారినే ఇంటికి వచ్చేవాడు. గేటు దగ్గర ఆగి, ఎనిమిదీ లెక్కపెట్టుకుని వచ్చేవాడు. ఆలస్యమైతే నేను వెతకాల్సిన పని ఉండేది కాదు.

చేట నిండింది చూడు, మాటల్లో తెలియలేదు. రేపు బస్సు మలుపు తిరగ్గానే చూడు నజ్మీన్. నీ పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకి చూపించు. చూపించి ఊరుకోకు, చెప్పు. మా తాత కట్టాడని గొప్పగా మొదలుపెట్టకు తల్లీ. ముందు బద్దని చిత్రిక పట్టిన సంగతి చెప్పు, మా జేజి పొయ్యి రాజేసిన సంగతి చెప్పు, ఆ తర్వాతే మిగతాది. ఆయన అదే వరసలో చెప్పాడు. నువ్వూ ఆ వరస తప్పకు. రేపు నీకు పిల్లలు పుట్టాక వాళ్లకీ అలాగే చెప్పు. ఎప్పుడన్నా నడుమ ఏదైనా మర్చిపోతే, ఆ గేటు దగ్గర కాసేపు నిలబడి చూడు, గుర్తొస్తుంది.